తప్పిన మెలిక

గద్వాల,
30 జూన్ 2025

మామా,

నీ చెవులకు ఫోన్ వినబడదు, మెసేజ్ పెడితే నువ్వు చూడవు. అందుకని ఇంటర్ పరీక్షల తర్వాత మళ్ళీ ఇప్పుడే ఇంత కాగితం నింపుతున్నాను. కండక్టర్ ఆశీర్వాదం అన్న చేతికిస్తున్నాను, కొత్తకోటలో దిగి నీ స్టూడియోలో ఇచ్చి పోతానన్నాడు.

ముందే చెప్తున్నా, సాయం అడగడానికి రాయడం లేదు. ఒక్క మాట అడగడానికి రాస్తున్నాను. మొన్న నాగర్‌కర్నూల్‌లో ప్రియక్క గృహప్రవేశానికి వచ్చినప్పుడు నా చేతిలో ఫోన్ చూసి, "గదేం ఫోటో తీసుడు కోడలా? వేలితో అద్దం గోకుడు" అన్నావు. పంక్తిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వానని మరిచిపోయాననుకోకు.

ఉగాది నుంచి నాన్న సొంతంగా నేస్తున్నాడని నీకు తెలుసు. ఇరవై రెండేళ్ళు సావుకారుకు నేశాడు, ఒక్క చీర మీద కూడా ధర్మయ్య నేశాడన్న మాట లేదు. ఇప్పుడు అమ్మ దారం కండెలు చుడుతుంది, నాన్న నేస్తాడు, నేను ఫోన్‌తో ఫోటోలు తీసి నెట్‌లో పెడతాను. కొన్నవాళ్ళకు చీరతోపాటు నాన్న పేరు రాసిన చీటీ పంపిస్తాను. ఆ చీటీలు రాసేటప్పుడు నా చేతిరాత ఎంత చక్కగా వస్తుందో నువ్వు చూడలేదు.

కానీ రెండు చీరలు వాపసొచ్చాయి. రెండూ వంకాయ రంగువే. ఫోన్‌లో నీలంగా కనబడ్డాయట. "మేము నీలం కొంటే మీరు వంకాయ పంపారు" అని మాటలు. బల్బు మార్చాను, మిద్దె మీద తీశాను, గోడకు సున్నం కూడా వేయించాను. నీలం నీలమే. రెండో చీర వాపసొచ్చిన రోజు నాన్న దాన్ని మడత విప్పి ఒళ్ళో పరుచుకున్నాడు. తర్వాత అన్నాడు: "ఇంకొక్క మాట వడ్డమంటే నేను సావుకారు కాడికే పోత బిడ్డా. పేరు లేకున్నా మంచిదే, చెడ్డపేరు వద్దు."

ఆయన అన్నాడంటే చేస్తాడు. పోతే మళ్ళీ బయటికి రాడు. కాబట్టి నీ కెమెరా గొప్పలు పక్కన పెట్టి, వంకాయ రంగు ఎందుకు నీలమవుతుందో ఒక్కటి చెప్పు.

నీ మేనకోడలు,
భార్గవి


కొత్తకోట,
3 జూలై 2025

కోడలా,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి విషయం కోసం, రెండోసారి నీ పొగరు కోసం. పొగరు మా అక్కదే, నీకు అచ్చంగా దిగింది.

వంకాయ రంగు ఏ కెమెరాకైనా కష్టమే, నాదానికి కూడా. అయితే నా కెమెరా పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి, ఇది తెలుపు, దీన్నిబట్టి మిగతావి చూసుకో అంటే వింటుంది. నీ ఫోన్ వినదు, అది నీలాంటిదే. దానికి ఉన్నది ఉన్నట్టు చూపడం కంటే చూసేవాళ్ళను మెప్పించడం ముఖ్యం. మబ్బు పడితే ఎండ చేస్తుంది, నల్లగా ఉంటే తెల్లగా చేస్తుంది, వంకాయను చూసి ఇది నీలమైతే బాగుంటుంది కదా అనుకుంటుంది. నువ్వు నొక్కుతున్నావనుకుంటున్నావు, తీసేది మాత్రం అది.

ఇక్కడ సంగతులు అడగలేదు, అయినా రాస్తాను. నా దగ్గరికి ఇప్పుడు రెండు రకాల మనుషులే వస్తున్నారు. పాస్‌పోర్టు సైజు కావాల్సినవాళ్ళు, దండ వేయడానికి ఫోటో కావాల్సినవాళ్ళు. నిన్న ఒకాయన తండ్రి ఫోటో ఫోన్‌లో తెచ్చాడు. ఎవరిదో పెళ్ళి భోజనాల్లో తీసింది, నోట్లో ముద్ద ఉంది, భుజం మీద ఇంకెవరిదో చెయ్యి. ఫోన్ నిండా నాలుగువేల ఫోటోలు, తండ్రిది అదొక్కటే. "జర మంచిగ చెయ్యి అన్నా" అని ఏడ్చాడు. బతికున్నప్పుడు తీసుకొస్తే ఏమయ్యేది అని అడగబోయి ఊరుకున్నాను.

వంకాయ చీర ఆశీర్వాదంతో పంపించు. ఉత్తరం దిక్కు కిటికీ పక్కన పరిచి తీస్తాను. డబ్బుల మాట ఎత్తితే చీర అట్లాగే తిరిగొస్తుంది.

సాయినాథ్ మామ


గద్వాల,
14 జూలై 2025

మామా,

నీ ఫోటో వచ్చింది. ఒప్పుకుంటున్నాను, వంకాయే. నాన్న దాన్ని తలుపు దగ్గరికి తీసుకుపోయి, చీర పక్కన పెట్టి చూసి, "గిదీ నా రంగు" అన్నాడు. అమ్మ నీ గురించి అడక్కుండానే ఒక పూట పొగిడింది. భరించాను.

ఇప్పుడు నా మాట విను. చీర నీ దగ్గరికి వచ్చి, ఫోటో అయ్యి, మళ్ళీ నా చేతికి చేరేసరికి ఆరు రోజులు. ఈలోపల అడిగినామె వేరే దగ్గర కొనుక్కుంది. మా గిరాకీ ఎట్లా ఉంటుందో నీకు తెల్వదు. పొద్దున పది గంటలకు అడుగుతారు, అయిదు నిమిషాల్లో కొంగు చూపమంటారు, ఆ వెంటనే భుజం మీద వేసుకొని చూపమంటారు. నీ కెమెరా కొత్తకోటలో మూడు కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. నా ఫోన్ నా నడుముకే ఉంటుంది. అందంలో నీది గెలుస్తుంది, అందుకోవడంలో నాది.

నీ ఫోటోను నా ఫోన్‌తో మళ్ళీ ఫోటో తీసి పెట్టాను. చీర ఆ రోజే అమ్ముడయింది, ఇప్పటిదాకా వాపసు రాలేదు. తిట్టకు.

కొత్త చీర మగ్గం దిగింది. చిలకపచ్చ ఒళ్ళు, ఎర్ర పట్టు అంచు. ఇది నేనే తీస్తాను, నువ్వు చెప్పినట్టు తెల్ల కాగితం పక్కన పెట్టి. చిలకపచ్చకు ఫోన్ ఏ వంకా పెట్టదు, చూశాను. ప్రతిదానికీ నీ మీద పడడం నాకిష్టం లేదు.

భార్గవి


కొత్తకోట,
17 జూలై 2025

భార్గవికి,

ఆశీర్వాదం టీ తాగుతూ తన ఫోన్‌లో నువ్వు పెట్టిన ఫోటో చూపించాడు. నేను తీసిందే. కింద చిన్న అక్షరాల్లో "జములమ్మ ఫోటో స్టూడియో, కొత్తకోట" అని వేశాను గదా, అది లేదు. కోసేశావు.

మీ నాన్న పేరు చీర మీద లేదనే గదా సావుకారును వదిలించావు. అదే చేత్తో నా పేరు కోశావు. డబ్బులు అడిగానా, దండం అడిగానా, ఒక గీత కింద పేరు ఉంచడానికి నీకు చెయ్యి రాలేదు.

ఇంకొకటి కూడా విను. ఈ బిల్డింగు ఆసామి నిన్న వచ్చాడు. నా షట్టరు సెల్‌ఫోన్ల దుకాణానికి ఇస్తాడట. "కాలం మారింది సాయినాథ్, నువ్వు గూడ మారు" అన్నాడు. నేను ఖాళీ చెయ్యనని చెప్పాను. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఫోటోలు తీస్తున్నాను, నా కెమెరా ఒక్కరికీ అబద్ధం చెప్పలేదు. ఆ మాట నీ ఫోన్ చేత అనిపించు.

ఇకమీద చీరలు పంపకు. నీది నువ్వే తీసుకుంటానన్నావు గదా, తీసుకో.

సాయినాథ్


గద్వాల,
23 జూలై 2025

మామా,

నీ పేరు నేను కోయలేదు. నేను పెట్టే చోట పొడుగు ఫోటో పెడితే అదే చదరంగా కోసుకుంటుంది. నీ పేరుతోపాటు మా అంచు కూడా సగం పోయింది. చూసుకోకపోవడం నా తప్పు, ఆ ఒక్క తప్పే నాది. అడిగి తిట్టి ఉంటే బాగుండేది.

సరే, అది పక్కన పెట్టు. మా ఇంట్లో మగ్గం ఆగిపోయింది.

చిలకపచ్చ చీర ఫోటో తీసి పెట్టాను. హైదరాబాదులో చీరల గురించి వీడియోలు చేసే ఒకామె ఆ ఫోటో తీసుకొని, పెద్దది చేసి, అందరికీ చూపించింది. "గద్వాల చేనేత అంటోంది ఈ అమ్మాయి. కుప్పడం ఎక్కడుంది? ఇది మరమగ్గం చీర" అంది. వేలమంది చూశారు. కింద రాసిన మాటలు నీకు రాయను.

కుప్పడం లేకపోవడమేంది మామా. ఒంటి నూలునూ అంచు పట్టునూ వరుస వరుసకూ చేత్తో మెలిపెట్టి కలపడమే గదా నాన్న పని అంతా. వేలు పెడితే ఆ గీత పొడుగునా సన్నగా గరుకు తగులుతుంది. చిన్నప్పుడు నేను దాన్ని తడుముతూనే నిద్రపోయేదాన్ని. ఆమె చూపించిన ఫోటో నమ్మలేక, నా ఫోన్‌లో అసలు ఫోటో తీసి నేనూ పెద్దది చేశాను. నిజమే. గీత లేదు. నున్నగా, ఇస్త్రీ చేసినట్టు ఉంది. చీర నా ఒళ్ళోనే ఉంది, అందులో మెలికలన్నీ ఉన్నాయి. ఫోన్ వాటిని మురికి అనుకుందో, మచ్చలనుకుందో, తుడిచిపెట్టింది. నాన్న చేతిని తుడిచింది.

పక్కింటివాళ్ళు ఆ వీడియో నాన్నకు చూపించారు. ఆయన మగ్గం గుంటలోంచి లేచి, పోగును అటూ ఇటూ నడిపే నాడెను గూట్లో పెట్టాడు. దారం చుట్టి పెట్టాడంటే ఇప్పట్లో తియ్యడు. "సోమవారం పోత" అన్నాడు, అంతే. అమ్మ రెండు రోజులుగా ఊరికే కండెలు చుడుతోంది, నేసేవాళ్ళు లేకున్నా.

నీ కెమెరా అబద్ధం చెప్పలేదని రాశావు. గురివింద గింజ సామెత నీకు నేను చెప్పాలా? ప్రియక్క ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంది. నువ్వు తీసిన పెళ్ళి ఆల్బంలో లేదు. రంగు కూడా రెండు చాయలు తేలింది. "గీ పెండ్లిపిల్ల ఎవరే?" అని అక్క తన ఆల్బం చూసి నన్నే అడిగింది. నవ్వుతూ అడిగింది గానీ తర్వాత ఆ ఆల్బం తెరవలేదు. నా ఫోన్ తుడిచింది మెలికలు, నువ్వు తుడిచింది మా అక్కను.

ఇప్పుడు అడుగుతున్నాను. బతిమాలడం కాదు, సాక్ష్యానికి పిలుస్తున్నాను. ఆదివారం కెమెరా తీసుకొని రా. ఆ మెలికలు కనబడేట్టు తియ్యి. సోమవారం పొద్దున నాన్న గడప దాటేలోపల అది జరగాలి. నేను ఈ మాట పడను, ఆయన్ను పడనియ్యను.

భార్గవి


కొత్తకోట,
25 జూలై 2025

కోడలా,

ఆదివారం మొదటి బస్సుకు వస్తాను. దగ్గర నుంచి తీసే లెన్సు దుమ్ము దులుపుతున్నాను.

పుట్టుమచ్చ సంగతి. మీ అమ్మ చెప్తే తుడిచానని రాద్దామనుకున్నాను. ఎవరూ చెప్పలేదు, నేనే తుడిచాను. ప్రియదే కాదు, ఈ చుట్టుపక్కల చాలామందివి తుడిచాను. మెచ్చుకుంటారని చేశాను, మెచ్చుకున్నారు కూడా. మిగతాది మాట్లాడే ముఖం లేదు.

సాయినాథ్ మామ


గద్వాల,
4 ఆగస్టు 2025

మామా,

ఆదివారం సాయంత్రం అమ్మ విస్తరి వేసి పెట్టింది. నువ్వు సంచి భుజాన వేసుకొని, వెనక్కి చూడకుండా బస్టాండుకు పోయావు. వెనక నుంచి పిలిచాను, నీకు వినబడలేదు. పరిగెత్తి నీ ఎదురుగా వచ్చేసరికి బస్సు కదిలింది. ఆశీర్వాదం అన్న వారంగా సెలవు మీద ఉన్నాడు, లేకుంటే ఆ రాత్రే రాసేదాన్ని. ఆ రోజు నువ్వు చూసిందీ, నీకు వినబడనిదీ రెండూ రాస్తున్నాను.

నువ్వు వస్తున్నావని నాన్న తెల్ల చొక్కా తొడుక్కున్నాడు, తల దువ్వుకున్నాడు, ఫోటో వరకేనని గూట్లోంచి నాడె తీసి, మగ్గం ముందర రేషన్ కార్డు ఫోటోకు కూర్చున్నట్టు కూర్చున్నాడు. నువ్వు నలభై తీశావు. నలభైలోనూ ఊపిరి బిగబట్టిన మనిషే ఉన్నాడు. "బావా, నువ్వు రోజూ నేసినట్టె నెయ్యి" అని నువ్వంటుంటే ఆయన చేతులు ఇంకా కొయ్యబారాయి. అప్పుడు నేను గుంట అంచున కూర్చొని, గోరుచిక్కుళ్ళు ముదిరిపోయాయని అమ్మ మీద చాడీలు చెప్పాను. ఆయన నవ్వి, అమ్మ తరఫున మాట్లాడుతూ నేయడం మొదలుపెట్టాడు. మోకాలి మీద ఉన్న ఫోన్‌తో నేను తీసింది ఆయనకు తెల్వదు. నువ్వు చూశావు. చూసి మొహం తిప్పుకున్నావు. నేనూ అది చూశాను.

కానీ ఆ తర్వాత చిలకపచ్చ చీరను వాకిట్లో పరిచి, ఈ వయసులో నేల మీద బోర్లా పడుకొని, గంటసేపు నువ్వు తీసింది ఎవరు తీస్తారు? తెర మీద పెద్దది చేసి చూపావు, నా ఫోన్‌లోకి కూడా ఎక్కించావు. ఎర్ర పట్టు, పచ్చ నూలు ఒకదాన్నొకటి పట్టుకొని ఒక్కొక్క మెలికా లెక్కపెట్టేట్టు ఉంది. అందులోనే ఒకచోట మెలిక తప్పి, వెంట్రుకంత సందు కనబడింది. నువ్వే వేలు పెట్టి చూపించావు. "గిది ఫోటోల రెండు నిమిషాల్ల కలిపేస్త, ఎవరికీ తెల్వదు" అన్నావు.

అప్పుడే నాన్న చేతులు ఊపుతూ లేచాడు. తన పనిలో తప్పు పట్టావని తిడుతున్నాడనుకున్నావు గదా. ఆయన అన్నది అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను.

"దాన్ని ముట్టకు బామ్మర్ది. గది నేను తప్పిన మెలిక. చీర వాపసొచ్చిన దినం నేసిన, మనసు మనసుల లేకుండె. మిషిని తప్పదు, మనిషే తప్పుతడు. గా తప్పు కాడ నేనున్న. నన్ను తుడుస్తవా?"

ఎందుకంత గట్టిగా అరిచాడంటే నీకు వినబడాలని. నువ్వు పోయాక నాడె మళ్ళీ గూట్లో పెట్టి, గడప మీద కూర్చొని, "తిన్నడు గూడ లేదు" అని బాధపడ్డాడు.

ఆ రాత్రే రెండూ పెట్టాను. నీ ఫోటో మొత్తంగా, ఏ మూలా తెగకుండా అటూ ఇటూ తెల్ల ఖాళీ పెట్టి, కింద నీ స్టూడియో పేరుతో సహా. పక్కన నేను తీసిన నాన్న చేతులు. సంజాయిషీ రాయలేదు. "కుప్పడం ఇది. ఒకచోట మెలిక తప్పింది, అదీ మాదే. నమ్మకం లేనివాళ్ళు గద్వాల వచ్చి వేలు పెట్టి చూడండి" అని రాశాను.

సోమవారం పొద్దున నాన్న స్నానం చేసి మళ్ళీ ఆ తెల్ల చొక్కా వేసుకున్నాడు. సావుకారు దగ్గరికేననుకున్నాను. చెప్పులు తొడుక్కునే చోట నిలబడి నా ఫోన్ అడిగాడు. నీ ఫోటో చూశాడు, మెలిక తప్పిన చోట వేలితో తాకాడు. తర్వాత చొక్కా విప్పి మేకుకు తగిలించి, గూట్లోంచి నాడె తీసుకొని గుంటలోకి దిగాడు.

ఆ హైదరాబాదామె తన వీడియో తీసేసింది. క్షమించమని అడగలేదు గానీ, అదే రంగులో మెలిక తప్పని చీర ఒకటి కావాలట, ముందు ఫోటో పంపమంది. నాన్నను అడిగితే, "ఫోటో పంపకు. రమ్మను" అన్నాడు. అదే రాశాను.

చిలకపచ్చ చీర అమ్మడం లేదు. అది ఇంట్లోనే ఉంటుంది.

అన్నం తినకుండా పోయినందుకు అమ్మ నీతో మాట్లాడదట. నువ్వొచ్చి తినేదాకా.

భార్గవి


కొత్తకోట,
9 ఆగస్టు 2025

కోడలా,

బీచుపల్లి వంతెన దాటేదాకా బావను తిట్టుకుంటూ వచ్చాను. వారం రోజులు మళ్ళీ తిట్టుకున్నాను. నీ ఉత్తరం చదివాక షట్టరు సగం దించుకొని కూర్చున్నాను. ఇద్దరు పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చి పోయారు, పోనిచ్చాను.

నేను తీసిన నలభైలో ఒక్కటీ పనికిరాదు. నువ్వు తీసింది ఆశీర్వాదం చూపించాడు, నాలుగుసార్లు పెట్టించుకొని చూశాను. ముప్పై ఏళ్ళ నుంచి నేనెరిగిన బావ అందులో ఉన్నాడు. నీ ఫోన్ గెలిచిందని మాత్రం రాయను, చచ్చినా రాయను. నువ్వు గోరుచిక్కుళ్ళ మాట ఎత్తావు, నేను ఎత్తలేదు. నా ఓటమి అక్కడుంది, కెమెరాది కాదు.

బిల్డింగు ఆసామి మళ్ళీ వచ్చాడు. ఈసారి నేనేమీ వాదించలేదు. ఆయన వచ్చేసరికే ఆ మెలికల ఫోటోను మూడడుగుల పొడుగున వేయించి, పాత బోర్డు తీసేసి షట్టరు పక్కన తగిలించాను. మెలిక తప్పిన చోటు సరిగ్గా మనిషి కళ్ళకెదురుగా ఉంటుంది. "గిదేంది, చిరుగును ఫోటో పట్టినవు?" అన్నాడు. మా బావది అన్నాను. హైవే మీద లారీలు ఆపి మరీ డ్రైవర్లు దిగి చూసి పోతున్నారు. వాళ్ళలో ఒకాయన భార్యాపిల్లలను తెచ్చుకొని, "ఉన్నది ఉన్నట్టు తియ్యన్నా, ఏం దిద్దకు" అని కూర్చున్నాడు. ఆసామికి చెప్పాను, సెల్‌ఫోన్ల దుకాణానికి వేరే షట్టరు చూసుకోమని. నేను కదలను.

దీంతో ఒక కవరు పంపుతున్నాను, నాగర్‌కర్నూల్ పంపించు. ప్రియ పెళ్ళి ఫోటోల అసలువి నా పాత హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. ఒకటి వెతికి తీసి మళ్ళీ వేశాను. ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంది, రంగు ఆమెదే. మిగతావి కూడా ఒక్కొక్కటే వేస్తున్నాను. కొత్త ఆల్బం అట్టకే కొంచెం ఆలస్యం. ఈ పెండ్లిపిల్ల ఎవరో ఇప్పుడు అడగాల్సిన పని లేదని చెప్పు.

వచ్చే ఆదివారం భోజనానికి వస్తున్నాను. కెమెరా తేను. అక్కను గోరుచిక్కుళ్ళే వండమను, ముదురైనా సరే.

బావకు ఒక్క మాట చెప్పు. ఆయన అరిచింది నాకు వినబడిందని.

సాయినాథ్ మామ,
జములమ్మ ఫోటో స్టూడియో, కొత్తకోట